ప్రజాప్రభుత్వము – పౌరుల నడత

ఖైరతాబాదు కూడలిలో విశ్వేశ్వరయ్యగారి విగ్రహమునొద్ద ఉదయము తొమ్మిది గంటలవేళ ఒక్క పావుగంట నిలిచి చూడుడు. వేలకొలది వాహనములు వచ్చుచుండును. ఎఱ్ఱదీపము వెలుగగానే అవి ఆగును; ఆకుపచ్చదీపము వెలుగగానే కదలును. నేలపై గీసిన తెల్లని గీతకు ఈవల నిలుచువారు కొందఱు, దానిని దాటి నిలుచువారు కొందఱు. 2018వ సంవత్సరము సెప్టెంబరు మాసమునుండి ఈ దారిని పోవుచున్న మెట్రోబండికొఱకు పైనున్న స్టేషనులో ప్రయాణికులు పసుపుపచ్చని గీతకు వెనుక నిలిచి ఎదురుచూచుచుందురు. ఒక్కొక్కని చేయి పట్టుకొని ఇచ్చట నిలువుమని చెప్పు భటుడు లేడు. అయినను ఒకరినొకరు ఎఱుగని యిన్ని వేలమంది ఇంచుమించు ఒక్క పద్ధతిగా నడుచుకొనుచున్నారు. ఇది యెట్లు సంభవించుచున్నది? ఈ ప్రశ్ననే యీ సంవత్సరము మన పత్రికలో విచారింపదలచితిమి.

పూర్వకాలపు రాజునకు ఆజ్ఞయు దండనమును ముఖ్యసాధనములు. చేయుమన్నది చేయనివానికి కొరడా, వలదన్నది చేసినవానికి చెఱసాల. ప్రజాప్రభుత్వమునకును చట్టములు కలవు, చెఱసాలలు కలవు, లేవనుట అసత్యము. కాని ఉదారప్రభుత్వమని పేరొందినది తన అధికారమునకు తానే ఎల్లలు గీసికొన్నది. 1950వ సంవత్సరము జనవరి 26వ తేదీన అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము మనకు వాక్స్వాతంత్ర్యమును, తగిన వృత్తి చేసికొను స్వాతంత్ర్యమును, దేశములో కోరినచోట నివసించు స్వాతంత్ర్యమును, మనస్సాక్షి ననుసరించి దేవుని ఆరాధించు స్వాతంత్ర్యమును ఇచ్చినది. ఇట్టి ప్రభుత్వము "నీవు పొదుపు చేయుము", "నీ యిల్లు శుభ్రముగా నుంచుకొనుము", "నీ కుమార్తెను పైచదువునకు పంపుము" అని యింటింటికి ఆజ్ఞ పంపజాలదు. అయితే ప్రజలు రోగులై, నిరక్షరాస్యులై, పన్నులు చెల్లింపనివారై యున్నచో ఆ ప్రభుత్వము నిలువజాలదు. ఆజ్ఞాపింప వీలులేదు, ఉపేక్షింపను వీలులేదు. ఈ రెండింటి నడుమ అది కనుగొనిన దారియే పరోక్షపరిపాలన. మనుష్యుని స్వేచ్ఛను అతనికే విడిచిపెట్టి, ఆ స్వేచ్ఛ ఏ దిక్కునకు మొగ్గవలెనని తాను కోరునో ఆ దిక్కున దారిని చదును చేసి యుంచుటయే దాని స్వభావము.

ఈ సంగతి బోధపడుటకు మన తెలుగుమాటయే చాలును. "నడచు" అను మాటనుండి "నడత" పుట్టినది. "నడుపు" అను మాటయు దానినుండియే పుట్టినది. నడచువాడు తన కాళ్లతో తానే నడచును. నడుపువాడు వాని కాళ్లు కదల్పడు. దారిని చూపును, ముండ్లు తీయును, ఒకవైపు కంచె వేయును. ఫ్రెంచి తత్త్వవేత్తయగు మిషెల్ ఫూకో 1978వ సంవత్సరమున పారిసు నగరమందు చేసిన ఉపన్యాసములలో ఈ విషయమునే విపులముగా చర్చించెను. పరిపాలన యనగా ఇతరుల నడతను నడుపుట యని ఆయన మతము. ఆ విద్యకు ఒక ముఖ్యమైన మూలము క్రైస్తవసంఘములోని కాపరిపనియందు కలదని ఆయన చెప్పెను. సంఘకాపరి యను మాట మనకు నిత్యపరిచితము. కాపరి మందనంతటిని చూచును, ఒక్కొక్క గొఱ్ఱెను పేరుపెట్టి యెఱుగును, తప్పిపోయినదానిని వెదకును. ఈ శ్రద్ధ రాజ్యమునకు సంక్రమించినప్పుడు జనాభాలెక్కలు, ఆరోగ్యశాఖలు, విద్యాశాఖలు బయలుదేరినవి. ఫూకో దీనిని పొగడుటకై చెప్పలేదు. ప్రేమతో చూచు కాపరికన్నును, లెక్కకొఱకు చూచు అధికారికన్నును ఒక్కటి కావనియు, రెండును మనలను మార్చగలవనియు గ్రహించి మెలకువగా నుండవలెనని మేము దానినుండి నేర్చికొనుచున్నాము.

ఉదారవాదమునకు ఆచార్యుడుగా పేరొందిన జాన్ స్టూవర్టు మిల్లునకు మన దేశముతో సంబంధము కలదు. ఆయన 1823వ సంవత్సరమున, పదునేడేండ్ల ప్రాయమున, లండనులోని ఈస్టిండియా కంపెనీ కార్యాలయమున ప్రవేశించి 1858 వఱకు అచ్చటనే ఉద్యోగము చేసెను. మఱుసటి యేట స్వాతంత్ర్యమును గూర్చిన తన ప్రసిద్ధగ్రంథమును ప్రకటించెను. ఒకని చర్య ఇతరులకు హాని చేయనంతవఱకు వానిని బలవంతపెట్టు హక్కు సంఘమునకు లేదని దాని సారాంశము. కాని ఆ సూత్రము పిల్లలకును, తన దృష్టిలో ఇంకను ఎదుగని జాతులకును వర్తింపదని ఆయనయే వ్రాసెను. మన పూర్వులు ఆ రెండవ గుంపులో చేర్పబడిరి. ముందు శిక్షణము, తరువాత స్వాతంత్ర్యము అనుట వినుటకు బాగుగనే యుండును; ఆ శిక్షణ ముగిసినదని తీర్పు చెప్పువాడెవడను ప్రశ్న మాత్రము మిగిలిపోవును. పరోక్షపరిపాలనను గూర్చి యోచించు ప్రతివాడును ఈ ప్రశ్నను మఱవరాదు.

ఇక ఈ పరిపాలన ఏయే సాధనములతో పనిచేయునో ఒక్కొక్కటిగా చూతము.

మొదటిది స్థలముయొక్క ఏర్పాటు. దీనికి దృష్టాంతము మన నగరచరిత్రలోనే కలదు. 1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి నగరమును ముంచివేసెను. కొలది యేండ్లకే 1911లో ప్లేగువ్యాధి ప్రబలెను. 1912లో నగరాభివృద్ధికై సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడినది. నాంపల్లి, మల్లేపల్లి మొదలగు ప్రాంతములలోని యిఱుకు బస్తీలను తొలగించి, గాలియు వెలుతురును వచ్చు ఇండ్లను వరుసగా కట్టించి, వీథులను వెడల్పు చేయించినది ఆ బోర్డే. వఱదలను అరికట్టుటకు విశ్వేశ్వరయ్యగారి సలహాపై తలపెట్టిన జలాశయములలో ఉస్మాన్‌సాగరు 1920 నాటికిని, హిమాయత్‌సాగరు 1927 నాటికిని పూర్తియైనవి. వానినుండి నగరమునకు త్రాగునీరు వచ్చెను. శుభ్రముగా నుండుడని వీథివీథిని దండోరా వేయించినచో ఎందఱు వినియుందురు? కొళాయి వాకిటికి వచ్చినప్పుడు మాత్రము స్నానము చేయుట, గిన్నెలు కడుగుట, గుడ్డలు ఉతుకుట సులభమయ్యెను. నాటి హైదరాబాదు సంస్థానము ఉదారప్రభుత్వము కాదు, నిజాముయొక్క నిరంకుశపాలన. అయినను నేటి ప్రజాప్రభుత్వములు విరివిగా వాడు పద్ధతి అప్పుడే అచ్చట కనబడుచున్నది. అదే సమయమున, ఇండ్లు తొలగింపబడినవారి యిష్టము ఎవరు అడిగిరి అను ప్రశ్నయు ఆనాడే పుట్టినది.

రెండవది వెల. ఏ పనిని ప్రభుత్వము ప్రోత్సహింపగోరునో దానిని చౌక చేయును. దేనిని నిరుత్సాహపఱుపగోరునో దానిని ప్రియము చేయును. మన నగరపాలకసంస్థ ఆ సంవత్సరపు ఇంటిపన్నును ఏప్రిల్ నెలలోనే చెల్లించినవారికి నూటికి 5 వంతులు తగ్గించుచు వచ్చినది. ముందుగా కట్టుమని యెవరును ఇంటికి వచ్చి గద్దింపలేదు. గృహస్థులే క్యాలెండరు చూచుకొని పరుగెత్తిరి. మోటారుబీమాలోను ఇట్టి పద్ధతి కలదు. నష్టపరిహారము కోరక ఒక సంవత్సరము గడపినవానికి వాహనము దెబ్బతినుటకై చేయు బీమాలో చందా నూటికి 20 వంతులు తగ్గును. అట్లే వరుసగా ఐదేండ్లు గడపినచో 50 వంతులవఱకు తగ్గును. ఖైరతాబాదులోని రవాణాశాఖ కార్యాలయమున లైసెన్సు పుచ్చుకొన్న యువకునకు మెల్లగా పొమ్మని తండ్రి చెప్పినది చెవికెక్కకపోవచ్చును. బీమాచీటిలోని అంకె ఎక్కును. 2023వ సంవత్సరము డిసెంబరు 9వ తేదీన తెలంగాణ ప్రభుత్వము మహాలక్ష్మి పథకము క్రింద స్త్రీలకు ఆర్టీసీ బస్సులలో ఉచితప్రయాణమును ప్రారంభించినది. బయటికి పోయి చదువుకొనుమనిగాని పనిచేయుమనిగాని ఏ స్త్రీకిని ఆజ్ఞ కాలేదు. కాని చార్జీకి డబ్బు లేదని పోవలసిన చోటికి పోక నిలిచిపోయిన గడపనుండి ఒక అడ్డు తొలగినది. అడుగు వేయుటయో మానుటయో ఆమె యిష్టము.

మూడవది చూపు. ఆంగ్లేయుడగు జెరెమీ బెంథాము 1791లో ఒక చెఱసాల నమూనాను ప్రకటించెను. నడుమ నొక గోపురము, చుట్టును గదులు. గోపురములోని కావలివాడు అందఱిని చూడగలడు. అతడు చూచుచున్నాడో లేదో ఖైదీలకు తెలియదు. తెలియదు గనుక ప్రతివాడును ఎల్లప్పుడు తన్ను చూచుచున్నట్లే నడుచుకొనునని ఆయన తలంపు. మన వీథులలో స్తంభములపై నున్న కెమెరాలు పనిచేయునది ఈ సూత్రముననే. వానినన్నిటిని ఒక్కచోటనుండి చూచుటకై బంజారాహిల్సులో కట్టిన పోలీసు కమాండ్ కంట్రోలు కేంద్రము 2022వ సంవత్సరము ఆగస్టు 4వ తేదీన ప్రారంభమైనది. దొంగను పట్టుటకు అవి ఉపయోగపడుననుట నిజము. అంతకంటె పెద్ద ఫలితము, కెమెరా యున్నదని తెలిసిన సామాన్యుడు తన శిరస్త్రాణమును తానే సవరించుకొనుట.

ఈ మూడవ సాధనమునకు సంబంధించిన వేఱొక దృష్టాంతము మన యింటిదే, అనగా మిషను పాఠశాలలది. అబిడ్సులోని సెయింట్ జార్జి గ్రామరు స్కూలు 1834 నాటిది; మచిలీపట్టణమున రాబర్టు నోబిలుదొరగారు పాఠశాల స్థాపించినది 1843లో. ఆనాడు ఇట్టి పాఠశాలలు దాతల చందాలతోను ఉపాధ్యాయుల త్యాగముతోను నడచుచుండెను. 1854వ సంవత్సరము జూలై 19వ తేదీన సర్ చార్లెస్ వుడ్డు ప్రసిద్ధమైన విద్యాలేఖను ఇండియాకు పంపెను. కంపెనీ దొరతనమువారు తమ యేలుబడిలోని ప్రాంతములయందు ఈ పాఠశాలలను స్వాధీనపఱచుకొన దలపలేదు. గ్రాంటు అను సహాయద్రవ్యమును కోరు పాఠశాలకు మాత్రము కొన్ని షరతులు విధించిరి. లౌకికవిద్య చక్కగా చెప్పవలెను, బాధ్యతగల స్థానికయాజమాన్యముండవలెను, దొరతనమువారి తనిఖీకి ఒప్పుకొనవలెను, ఎంత స్వల్పమైనను విద్యార్థులు కొంత బడిజీతము చెల్లింపవలెను. మతబోధ విషయమున ఇన్‌స్పెక్టరు జోక్యము కలిగించుకొనరాదు.

దీనిలోని నేర్పు గమనింపుడు. గ్రాంటు పుచ్చుకొనుమని యెవరిని బలవంతపెట్టలేదు, ఇష్టములేనివారు మానవచ్చును. పుచ్చుకొన్నవారు మాత్రము తమంతట తామే హాజరుపట్టీలు వ్రాయుట, కాలనిర్ణయపట్టికలు వ్రేలాడగట్టుట, శిక్షణ పొందిన ఉపాధ్యాయులను నియమించుట నేర్చికొనిరి. ఇన్‌స్పెక్టరు వచ్చునది ఏడాదికి ఒకటి రెండు మాఱులే. హాజరుపట్టీ వ్రాయబడునది ప్రతిదినము. తనిఖీ చేయువాడు ఊరిలో లేనప్పుడును తనిఖీ జరుగుచునే యుండును. మేము ఉపాధ్యాయవృత్తిలో నేర్చికొన్న అలవాటులలో ఎన్నియో ఇట్టి షరతులనుండి పుట్టినవే. వానివలన మేలు కలిగినదని సంతోషముతో ఒప్పుకొనుచున్నాము.

అయితే కీడును కలుగవచ్చును. ఇంగ్లండులో 1862వ సంవత్సరమున ప్రభుత్వము పరీక్షాఫలితములనుబట్టి గ్రాంటు ఇచ్చు పద్ధతిని ప్రవేశపెట్టెను. చదువుట, వ్రాయుట, లెక్కలు అను మూడింటిలో తేఱిన పిల్లల సంఖ్యనుబట్టి పాఠశాలకు డబ్బు. ఫలితమేమి? ఉపాధ్యాయులు పిల్లలచేత పుస్తకమును కంఠస్థము చేయించి ఇన్‌స్పెక్టరు ముందు చదివినట్లు అప్పగింపజేసిరి. తానే ఇన్‌స్పెక్టరుగా నుండిన మాథ్యూ ఆర్నాల్డు కవి ఈ పద్ధతిని ఘాటుగా విమర్శించెను. చెన్నపట్టణపు రాజధానిలోను ఇట్టి ఫలితపు గ్రాంటులు కొంతకాలము నడచినవి. పంతొమ్మిదవ శతాబ్దము ముగియకమున్నే ఇంగ్లండు ఆ పద్ధతిని విడిచిపెట్టెను. విద్యకొఱకు పెట్టిన కొలబద్ద విద్యను తినివేయగలదని దానివలన తెలిసినది. నేడు మార్కులకొఱకే చదువు బిడ్డలును, ర్యాంకులకొఱకే చదివించు తల్లిదండ్రులును ఈ కథను తమది కాదని త్రోసివేయరాదు.

వెల విషయమునను ఇట్టి ప్రమాదమే కలదు. ఇశ్రాయేలు దేశములోని హైఫా నగరమున పది శిశుసంరక్షణశాలలను ఇద్దఱు ఆర్థికశాస్త్రజ్ఞులు పరిశీలించి, 2000వ సంవత్సరమున ఆ ఫలితములను ప్రకటించిరి. సాయంకాలము బిడ్డలను తీసికొనిపోవుటకు ఆలస్యముగా వచ్చు తల్లిదండ్రులకు వానిలో కొన్నిచోట్ల జరిమానా విధించిరి. ఆలస్యము తగ్గునని యెల్లరు తలంచిరి. అది తగ్గుటకు మాఱు ఇంచుమించు రెట్టింపయ్యెను. ఏలయనగా మునుపు ఆలస్యముగా వచ్చిన తల్లి తనకొఱకు కాచుకొనియున్న ఉపాధ్యాయినిని చూచి సిగ్గుపడెడిది. జరిమానా వచ్చినపిమ్మట అది సిగ్గుపడవలసిన తప్పు కాక, డబ్బిచ్చి కొనుక్కొను సౌకర్యమైనది. జరిమానా తీసివేసిన తరువాతను పూర్వపు సిగ్గు తిరిగి రాలేదు.

ఇది దూరదేశపు సంగతి యని నవ్వుకొనవలదు. మేమును ఒకప్పుడు మా తరగతిలో ఆలస్యముగా వచ్చువారికి చిన్న జరిమానా పెట్టి చూచితిమి. మూడవనాడు ఒక బాలుడు తలయెత్తి లోపలికి వచ్చి, నాణెమును బల్లపై నుంచి, "మాస్టరుగారూ, నా బాకీ తీఱినది" అని కూర్చుండెను. వాని ముఖమున చిలిపితనము లేదు. లెక్క సరిపోయినదను తృప్తియే యుండెను. ఆ దినమే జరిమానా మానివేసితిమి. నేర్పదలచినది ఒకటి, వాడు నేర్చికొన్నది వేఱొకటి. ఆ తప్పు వానిది కాదు, మాది.

నగరమునను ఇట్టిదే జరిగినది. వాహనచోదకుల చలానాలు పేరుకొనిపోగా, 2022వ సంవత్సరము మార్చి నెలలో ద్విచక్రవాహనములవారికి జరిమానాలో నూటికి 75 వంతులు తగ్గించిరి. జనులు విరివిగా చెల్లించిరి. 2023వ సంవత్సరము డిసెంబరులో మఱల 80 వంతులు తగ్గించిరి. బాకీలు వసూలు చేయుటకు ఇది సులభమైన మార్గము. కాని ఎఱ్ఱదీపము దాటినవాడు దీనినుండి ఏమి నేర్చికొనును? వెంటనే కట్టినవాడు తెలివితక్కువవాడనియు, ఓపికపట్టినవానికి రాయితీ వచ్చుననియు గదా! ప్రభుత్వము నోటితో ఈ పాఠము చెప్పలేదు, లెక్కతో చెప్పినది. నోటిపాఠముకంటె లెక్కపాఠము లోతుగా నాటుకొనును.

నాలుగవ సాధనము విద్య. ఇది తక్కిన మూడింటివంటిది కాదు. దీనికి మన తెలుగునాట జరిగిన కథయొకటి ప్రపంచమెల్ల తెలిసికొనదగినది.

భారతప్రభుత్వము 1988వ సంవత్సరమున జాతీయ అక్షరాస్యతా మిషనును స్థాపించెను. దాని ప్రోత్సాహమున 1991లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతోద్యమము ఆరంభమైనది. పగలెల్ల కూలిపనిచేసిన స్త్రీలు రాత్రివేళ లాంతరుల వెలుతురున పలకలు పట్టిరి. చదువు వచ్చినచో ఆరోగ్యమును, పొదుపును, బిడ్డల చదువును వారే చూచుకొందురని ప్రభుత్వాశయము. వారికిచ్చిన వాచకములో సీతమ్మ కథ యను పాఠముండెను. త్రాగుడువలన చెడిన సంసారమును, సారాదుకాణమును మూయించుటకై ఏకమైన ఊరి స్త్రీలను గూర్చిన కథ అది. కలిగిరి మండలములోని దూబగుంట గ్రామమున స్త్రీలు ఆ పాఠమును చదివి, చర్చించుకొని, అక్షరములవద్దనే ఆగిపోలేదు. మన యూరిలోను ఇదే గదా జరుగుచున్నదని లేచి, తమ యూరి సారా అమ్మకమును ఆపించిరి. వర్ధినేని రోశమ్మగారి పేరు ఆ యూరితోకూడ ప్రసిద్ధమైనది. 1992లో ఉద్యమము ఊరూర వ్యాపించి, నెల్లూరిలో సారాపాటలు జరుగనీయక అడ్డగించువఱకు పోయినది.

ఇందులోని విశేషము గ్రహింపుడు. ఆ కాలమున సారావలన రాష్ట్రఖజానాకు ఏటేట ఎనిమిదివందల కోట్ల రూపాయలకు పైగా రాబడి వచ్చుచుండెను. ఒక చేతితో పలకను ఇచ్చిన ప్రభుత్వమే వేఱొక చేతితో సారాను అమ్మించుచుండెను. పలకను అందుకొన్న స్త్రీలు ఆ రెండవ చేతిని పట్టుకొని నిలదీసిరి. 1993వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీనుండి రాష్ట్రమంతట సారా నిషేధింపబడినది. 1995వ సంవత్సరము జనవరి 16వ తేదీనుండి నందమూరి తారక రామారావుగారి ప్రభుత్వము సంపూర్ణమద్యనిషేధమును అమలుపఱచినది. ఆ నిషేధము 1997లో సడలింపబడినది. ఆజ్ఞ యొక్కటే మనుష్యుల నడతను మార్చజాలదని దానివలనను తెలిసినది. కాని తమ యేలికను ప్రశ్నింప నేర్చిన ఆ స్త్రీలు పలకకు పూర్వము నున్న స్త్రీలు కారు. ప్రభుత్వము వారిని తీర్చదలచినది ఒక విధముగా; వారు తమను తాము తీర్చుకొన్నది అంతకంటె ఉన్నతముగా. కుమ్మరి చేతిలోని మట్టికిని, ఉపాధ్యాయుని యెదుటనున్న మనుష్యునికిని ఇదియే భేదము.

ఆ కథకు ఒక తరువాయి కలదు. సారాకు పోవు డబ్బు మిగులగా, నెల్లూరు జిల్లాలో పొదుపులక్ష్మి యను పేర దినమునకొక రూపాయి దాచుకొను సంఘములు ఏర్పడినవి. జిల్లా అధికారులు వానిని ప్రోత్సహించిరి. నిలదీసిన చేతులు ఖాతాపుస్తకములు పట్టినవి. ఇది మేలే. కాని క్రమముగా రాష్ట్రమున సంఘపూచీపై అప్పులిచ్చు ప్రైవేటుసంస్థలు పెరిగినవి. ఒకతె కట్టలేకపోయినచో తక్కినవారు కట్టవలెను; కావున పొరుగింటి అక్కయే వసూలుదారు అయినది. వసూలు ఒత్తిడివలన కుటుంబములు తల్లడిల్లినవను వార్తలు వ్యాపింపగా, 2010వ సంవత్సరము అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆ సంస్థలను అదుపుచేయుటకు ఆర్డినెన్సు తీసికొనివచ్చినది. స్నేహమును పూచీగా వాడుకొనినచో తుదకు స్నేహమే అరిగిపోవునని దీనివలన తెలియుచున్నది.

ఇంతవఱకు చెప్పినదానినిబట్టి పరోక్షపరిపాలన మంచిదా చెడ్డదా యని విద్యార్థులు అడుగవచ్చును. కొళాయియు అదే, కెమెరాయు అదే, గ్రాంటును అదే, పలకయు అదే. అది లేని ప్రభుత్వము లేదు. ఆ మాటకు వచ్చినచో అది లేని పాఠశాలయు, అది లేని యిల్లును లేవు. అన్నము తిన్నచో బెల్లము పెట్టెదనని చెప్పు తల్లి కూడ ఈ విద్యను ఎఱిగినదే. కావున దానిని ఒక్కమాటతో త్రోసివేయుటకంటె, ప్రతి యేర్పాటును గూర్చియు మూడు ప్రశ్నలు వేయుట నేర్చికొనవలెను.

మొదటిది: ఈ యేర్పాటు బహిరంగమా, రహస్యమా? ఇంటిపన్ను రాయితీ అందఱికి తెలిసినది. దానిని చూచి మనము నిర్ణయించుకొందుము. తెలియకుండ త్రిప్పబడిన దారి, చివరకు మంచి చోటికి చేర్చినను, మనలను పిల్లలనుగా చేయును. రెండవది: కాదనుటకు నిజముగా వీలున్నదా? ఇష్టములేనివాడు మానవచ్చునని వ్రాసి, మానినవాడు బ్రతుకలేనట్లు చేసినచో ఆ స్వేచ్ఛ కాగితముమీదిది. మూడవది: ఈ యేర్పాటు తీసివేసిన మఱునాడు మనలో ఏమి మిగులును? జరిమానా పోయినపిమ్మట హైఫా తల్లిదండ్రులలో పూర్వపు సిగ్గు కూడ మిగులలేదు. లాంతరు ఆఱిపోయిన తరువాత దూబగుంట స్త్రీలలో ధైర్యము మిగిలినది. ఈ మూడవ ప్రశ్నయే అన్నిటికంటె ముఖ్యమని మా నమ్మకము.

తల్లిదండ్రులకు ఒక మనవి. బహుమానముతోను భయముతోను బిడ్డచేత మంచిపని చేయించుట మొదటిమెట్టు మాత్రమే. ఆ మెట్టుమీదనే బిడ్డను నిలిపియుంచినచో, బహుమానమియ్యని లోకమున అతడు మంచిపని యేల చేయవలెనో అతనికి బోధపడదు. ఈ పని యేల మంచిదో కూర్చుండబెట్టి చెప్పుటకు పట్టు పావుగంట, గద్దించుటకు పట్టు గడియకంటె ఎక్కువ ఫలమిచ్చును. ఉపాధ్యాయులమగు మేమును ఈ మనవిని మాకే ముందుగా చేసికొనుచున్నాము.

విద్యార్థులారా, మీరు త్వరలోనే ఓటుహక్కు గల పౌరులగుదురు. ఆనాడు మీకొఱకు ఎన్నియో దారులు చదును చేయబడియుండును. కొన్ని మీ మేలుకొఱకు, కొన్ని ఇతరుల లాభముకొఱకు. ఆ దారిని వేసినదెవరో, అది యెచ్చటికి పోవుచున్నదో తెలిసికొని నడువుడు. మనుష్యులు చూడవలెనని చేయు ధర్మమునకు వారి చూపే ఫలమనియు, రహస్యమందు చూచు తండ్రి వేఱుగా కలడనియు క్రీస్తు ప్రభువు కొండమీద బోధించెను. ఆ బోధ భక్తునకు ఎంత అవసరమో పౌరునకును అంత అవసరము.

రేపటి యుదయము ఖైరతాబాదు కూడలియొద్ద భటుడు లేకపోవచ్చును, కెమెరా చెడిపోయి యుండవచ్చును, చలానాకు రాయితీ రానుండవచ్చును. ఎఱ్ఱదీపము మాత్రము వెలుగుచుండును. ఎదుటివైపున ఒక ముసలమ్మ రోడ్డు దాటుటకు కాచుకొనియుండును. అప్పుడు తెల్లని గీతకు ఈవల మీ సైకిలు ఆగినచో, ఆ నడత ఏ ప్రభుత్వము నడిపినదియు కాదు, మీదే. అట్టి పౌరులు కలిగిన దేశమున ప్రభుత్వమునకు నడుపవలసినది తక్కువగును, ప్రజలను అడుగవలసినది ఎక్కువగును. మన పాఠశాలనుండి అట్టివారు బయలుదేరుదురు గాక యని ప్రార్థించుచున్నాము.